ఇంటి దగ్గర ఇంగ్లీషు – 8వ పాఠం: ‘ఎప్పుడు’ వస్తే ‘హ్యావ్’ పోతుంది

పోయిన పాఠంలో సింపుల్ పాస్ట్ చూశాం. ‘ఐ వెంట్’, ‘షీ కేమ్’ అనడం అలవాటయ్యే ఉంటుంది. ఈసారి పర్ఫెక్ట్ టెన్సులు. పేరుకి మూడున్నా కుస్తీ పట్టాల్సింది ఒక్క ప్రెజెంట్ పర్ఫెక్ట్‌తోనే. అది లొంగితే మిగతా రెండూ దాని వెనకే వస్తాయి.

ముందు తయారీ చూద్దాం. ఐ, వుయ్, యూ, దే ఉంటే హ్యావ్. హీ, షీ, ఇట్ ఉంటే హ్యాజ్. దాని పక్కన క్రియ మూడో రూపం, అంటే కోచింగ్ భాషలో వీ త్రీ. గో–వెంట్–గాన్, సీ–సా–సీన్, రైట్–రోట్–రిటెన్. కట్, పుట్ లాంటివి మూడు రూపాల్లోనూ మారవు. ‘ఐ హ్యావ్ వెంట్’ తప్పు, ‘ఐ హ్యావ్ గాన్’ ఒప్పు. ఈ రూపాల పట్టిక బట్టీ పట్టాల్సిందే, దగ్గరి దారి లేదు. ప్రశ్న వేయాలంటే హ్యావ్‌ని ముందుకు తెస్తాం: ‘హ్యావ్ యూ సీన్ ఇట్?’ కాదనాలంటే ‘హ్యావ్ నాట్’. మాట్లాడేటప్పుడు ‘ఐ హ్యావ్’ కాస్తా ‘ఐవ్’ అయిపోతుంది, చెవికి సరిగ్గా ఆనదు కూడా. అందుకే సినిమాల్లో వినపడలేదని కంగారు పడకండి.

ఇక వాడకం. ఎండాకాలం కట్టేసిన కాలువలకి ధవళేశ్వరం నుంచి నీళ్ళు వదిలారనుకోండి. మీరు చేలో ఉన్న బావకి ఫోన్ చేశారు.

“బావా, కాలవకి నీళ్ళు వదిలేశారు.”

మీరు చెప్పదలచుకున్నది తేదీ కాదు. నీళ్ళు వస్తున్నాయి, ఇక నారుమడి పని చూసుకోవచ్చు అని. జరిగింది గతంలోనే అయినా దాని ఫలితం ఇప్పుడు చేతికందుతోంది. ఇంగ్లీషులో ఇది ‘దే హ్యావ్ రిలీజ్డ్ ద వాటర్’. బావ ఊరుకుంటాడా, “ఎప్పుడూ?” అంటాడు. “నిన్న రాత్రి.” ఇప్పుడు హ్యావ్ ఎగిరిపోవాలి: ‘దే రిలీజ్డ్ ఇట్ లాస్ట్ నైట్’. నీళ్ళు అవే, వదిలిన వాళ్ళూ వాళ్ళే. మొదటి వాక్యం ఇప్పుడు సంగతేమిటో చెబుతోంది, రెండోది ఎప్పుడు జరిగిందో చెబుతోంది.

కాబట్టి యెస్టర్డే, లాస్ట్ వీక్, టూ డేస్ ఎగో, ఇన్ 2015 లాంటి మాటలు కనపడితే హ్యావ్ పెట్టకండి. ‘ఐ హ్యావ్ సీన్ హిమ్ యెస్టర్డే’ మన వైపు పెద్ద చదువులు చదివిన వాళ్ళ నోట కూడా వినిపిస్తుంది. అయినా తప్పు తప్పే. ఆల్రెడీ, జస్ట్, యెట్, ఎవర్, నెవర్, సో ఫార్ అయితే హ్యావ్‌కి చుట్టాలు. అమెరికా వాళ్ళు ‘డిడ్ యూ ఈట్ యెట్?’ అనేస్తారు. అక్కడ అది చెల్లుతుంది గానీ పరీక్షలో ‘హ్యావ్ యూ ఈటెన్ యెట్?’ అనే రాయండి.

కాటన్ దొరని తీసుకోండి. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. ‘కాటన్ హ్యాజ్ బిల్ట్ ది ఆనికట్ ఇన్ 1852’ అంటే రెండు విధాలా కుదరదు. సంవత్సరం చెప్పేశాం, పైగా ఆయన 1899లోనే పోయారు. ‘కాటన్ బిల్ట్ ది ఆనికట్’ అనాలి. కానీ ‘ది ఆనికట్ హ్యాజ్ చేంజ్డ్ ద డెల్టా’ అనొచ్చు. ఆ పాత కట్టడం స్థానంలో ఇప్పుడు బ్యారేజీ ఉన్నా, అది తెచ్చిన మార్పు డెల్టాలో ఇంకా నడుస్తోంది కదా.

గల్ఫ్ ఇంటర్వ్యూకి వెళ్ళేవాళ్ళు ఇది చూసుకోండి. అవతలివాడు ‘హ్యావ్ యూ ఎవర్ వర్క్‌డ్ అబ్రాడ్?’ అంటాడు. జవాబు: ‘యెస్, ఐ హ్యావ్. ఐ వర్క్‌డ్ ఇన్ కువైట్ ఫ్రమ్ 2016 టు 2019.’ అనుభవం ఉందా లేదా అన్నంతవరకే హ్యావ్, సంవత్సరాల్లోకి దిగగానే పాస్ట్. ఇంగ్లీషు సంభాషణలు సాధారణంగా ఇలాగే పర్ఫెక్ట్‌తో మొదలై పాస్ట్‌లోకి జారతాయి.

అలాగే ‘హీ హ్యాజ్ గాన్ టు కువైట్’ అంటే మనిషి ఇంకా అక్కడే ఉన్నాడు, లేదా దారిలో ఉన్నాడు. ‘హీ హ్యాజ్ బీన్ టు కువైట్’ అంటే వెళ్ళొచ్చాడు. పెళ్ళి సంబంధం మాట్లాడేటప్పుడు ఈ తేడా చిన్నదేం కాదు.

సిన్స్ పక్కన మొదలైన సమయం, ఫర్ పక్కన గడిచిన కాలం. కోనసీమ 2022లో జిల్లా అయింది: ‘కోనసీమ బికేమ్ ఎ డిస్ట్రిక్ట్ ఇన్ 2022’. ఇప్పటికీ జిల్లాయే కాబట్టి ‘కోనసీమ హ్యాజ్ బీన్ ఎ డిస్ట్రిక్ట్ సిన్స్ 2022’. ‘ఐ నో హిమ్ సిన్స్ టెన్ ఇయర్స్’ అనకండి, ‘ఐ హ్యావ్ నోన్ హిమ్ ఫర్ టెన్ ఇయర్స్’ అనండి.

పాస్ట్ పర్ఫెక్ట్‌కి హ్యాడ్, వీ త్రీ. సఖినేటిపల్లి రేవులో నరసాపురం వెళ్ళే పంటు, అంటే గోదావరి దాటించే పెద్ద పడవ, ఎక్కాలి. ‘వెన్ వుయ్ రీచ్డ్ ద రేవు, ద పంటు హ్యాడ్ లెఫ్ట్’ అంటే మనం చేరేసరికే అది వెళ్ళిపోయింది, బండి స్టాండు వేసుకుని తర్వాతి దాని కోసం చూడాలి. ‘ద పంటు లెఫ్ట్’ అంటే మనం చేరాక కదిలింది, పరిగెత్తి ఎక్కేసి ఉండొచ్చు. రెండు గతాల్లో ముందుదానికే హ్యాడ్. ముందు వెనకలు తేల్చాల్సిన రెండో సంగతి లేనప్పుడు హ్యాడ్ అనవసరం. ‘ఐ హ్యాడ్ గాన్ టు కాకినాడ యెస్టర్డే’ అని ఊరికే అంటే, వినేవాడు ‘అయితే ఆ తర్వాత ఏమైంది?’ అని ఎదురుచూస్తాడు. గొప్పగా ఉంటుందని హ్యాడ్ తగిలించడం మనకి బాగా అలవాటు, మానుకుంటే మంచిది.

ఫ్యూచర్ పర్ఫెక్ట్ తక్కువగానే తగులుతుంది. ‘బై సంక్రాంతి, వుయ్ విల్ హ్యావ్ సోల్డ్ ద ప్యాడీ’, అంటే పండగ నాటికి ధాన్యం అమ్మేసి ఉంటాం. ఊహించి చెప్పడానికీ పనికొస్తుంది: ‘ద బస్ విల్ హ్యావ్ క్రాస్డ్ రావులపాలెం బై నౌ’, బస్సు ఈపాటికి రావులపాలెం దాటేసి ఉంటుంది.

ఇవి ఇంగ్లీషులో రాయండి. అత్తయ్య కొబ్బరికాయలు ఇంకా అమ్మలేదు. మావయ్య 2015 పుష్కరాలకి రాజమండ్రి వచ్చారు. నువ్వెప్పుడైనా పులస తిన్నావా? మేం వెళ్ళేసరికి వరద తగ్గిపోయింది. పదేళ్ళుగా ఈ లంకలోనే ఉంటున్నాం. చివరిది కాస్త పేచీ పెడుతుంది. దానికి ‘బీన్’ పక్కన ఐఎన్‌జీ రూపం కూడా కావాలి. 9వ పాఠం దాంతోనే మొదలుపెడదాం, మిగతా నాలుగింటి జవాబులూ అక్కడే ఇస్తాను.