పల్లె ఓపీలో "సెగ", "తెల్లబట్ట" అంటే ఏం అడగాలి?

పీహెచ్‌సీలో కొత్తగా చేరిన డాక్టర్లకు, నర్సులకు, ఏఎన్ఎంలకు ఇది. పేషెంట్ చెప్పిన మాటను అక్కడికక్కడే జబ్బు పేరుగా రాసేయొద్దు. "సెగ"కు నిఘంటువులో గనేరియా (లైంగికంగా అంటే జబ్బు) అనే అర్థం కూడా ఉంటుంది, కానీ పేషెంట్ "సెగ పట్టింది" అంటే అదే కానక్కర్లేదు; ఎండాకాలం నీళ్లు తాగక మూత్రం మండినా సెగే, యూరిన్ ఇన్ఫెక్షన్ అయినా సెగే. మంట ఒక్కటేనా, చీము కారుతోందా, పొద్దున లేచేసరికి బట్టకు మరక ఉంటోందా అని అడగండి. సురక్ష క్లినిక్ (లైంగిక వ్యాధులకు ప్రభుత్వ క్లినిక్) మందుల కిట్లు కూడా లక్షణాన్ని బట్టే కదా, చీముకు బూడిద రంగుది, తెల్లబట్టకు ఆకుపచ్చది. "వేడి చేసింది" అంటే వాదన పెట్టుకోకండి, "ఎక్కడమ్మా వేడి?" అంటే చాలు.

తెల్లబట్టకు ఓపిక కావాలి. చాలామంది ఆడవాళ్లు ముందు నీరసం, నడుం నొప్పి చెప్పి, ఎముకలు కరిగిపోతున్నాయేమోనని లోపల భయపడుతూ, లేచి వెళ్లబోతూ అసలు సంగతి చెబుతారు. రెండు నెలసరుల మధ్య కొద్దిగా తెలుపు అవడం మామూలే. వాసన, దురద, రంగు అడగండి. పొత్తికడుపులో నొప్పి ఉంటే నెల తప్పిందా అన్నది తప్పనిసరి. భర్తతో కలిశాక రక్తం కనిపించినా, ముట్లుడిగాక మళ్లీ రక్తం పడినా గర్భాశయ ముఖద్వారం చూడకుండా మాత్రలిచ్చి పంపొద్దు.

మగవాళ్లు "ధాతువు పోతోంది", "నరాల బలహీనత" అంటారు. చాలాసార్లు అది నిద్రలో వీర్యం పోవడమే, జబ్బు కాదు. పాపం గోడల మీద ప్రకటనలు చూసి అప్పటికే డబ్బు తగలేసి ఉంటారు, నవ్వకండి. గజ్జల్లో బిళ్ళ కట్టిందంటే కాలి పుండుతో పాటు మర్మాంగం మీద పుండు ఉందేమో కూడా చూడండి. నొప్పిలేని పుండు దానంతటదే మానిపోయిందన్నా సిఫిలిస్ (లైంగికంగా అంటే మరో జబ్బు) రక్తపరీక్ష చేయించాల్సిందే.

"సుఖరోగం" అన్న మాట మాత్రం వాడొద్దు, మొగుడి నుంచి అంటుకున్న మనిషికి అది తిట్టే. అత్తగారు పక్కనుంటే "పరీక్ష చేయాలమ్మా, కాసేపు బయట కూర్చోండి" అని పంపి, "మీ ఆయన ఊళ్లోనే ఉంటాడా, పనికి బయటికెళ్లి వస్తుంటాడా?" అని మొదలుపెట్టండి. ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకున్నారా, ఏ మాత్రలు వాడారు అనేది కోప్పడకుండా అడిగితేనే చెబుతారు. చీము, పుండు అయితే భర్తకూ మందివ్వాలి. హెచ్ఐవీ పరీక్షకు ఒప్పుకోలు తీసుకోండి, 2017 హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం అది తప్పనిసరి. ఎదురుగా అడగలేనివాళ్లకు జాతీయ ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097 నంబరు చెప్పండి.