పార్సెక్ నుంచి ఆంగ్‌స్ట్రామ్ దాకా: పొడవు ప్రమాణాలు మార్చే పద్ధతి

నక్షత్రం దూరం పార్సెక్కుల్లో రాస్తారు. అదే నక్షత్రం వర్ణపటంలో హైడ్రోజన్ ఎరుపు గీత తరంగదైర్ఘ్యం 6563 ఆంగ్‌స్ట్రాములని రాస్తారు. రెండూ ఒకే లెక్కలోకి వచ్చినప్పుడు తప్పు దాదాపు ఎప్పుడూ పదుల ఘాతంలోనే దొర్లుతుంది. అందుకే అంకెను ఒక పక్క, ఘాతాన్ని ఇంకో పక్క పెట్టుకుని, ప్రతి మార్పిడినీ మీటరు మీదుగా చేయాలి. సూటిగా ఒకదాన్నుంచి ఇంకోదానికి దూకితే తప్పు ఎక్కడ జరిగిందో వెతకడం కష్టం.

ముందు ఈ విలువలు దగ్గర పెట్టుకోండి. ఖగోళ ప్రమాణం (భూమికీ సూర్యుడికీ మధ్య ఉండే సగటు దూరం పాటిది) సరిగ్గా 149597870700 మీటర్లు. 2012లో అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య దీన్ని ఇలా స్థిరపరిచింది కాబట్టి ఇందులో కొలత దోషం లేదు. కాంతి సంవత్సరం 9.4607305 × 10¹⁵ మీటర్లు. ఇక్కడ సంవత్సరమంటే 365.25 రోజులు. 365తో గుణిస్తే 9.4543 వస్తుంది, మూడో అంకె దగ్గరే లెక్క తేడా కొడుతుంది. పార్సెక్ అంటే 648000ను π తో భాగించినన్ని ఖగోళ ప్రమాణాలు, అంటే 206264.8. మీటర్లలో 3.0856776 × 10¹⁶.

చిన్న వైపు ఆంగ్‌స్ట్రామ్ 10⁻¹⁰ మీటర్లు, పికోమీటర్ 10⁻¹², ఫెర్మీ 10⁻¹⁵. ఈ మూడింటికీ ఘాతం మారిస్తే చాలు. హైడ్రోజన్ పరమాణువు సైజును చెప్పే బోర్ వ్యాసార్ధానికి మాత్రం అంకె కూడా ఉంది: 5.29177 × 10⁻¹¹ మీటర్లు.

సూర్యుడి తర్వాత మనకు అతి దగ్గరి నక్షత్రమైన ప్రాక్సిమా సెంటారీ దూరం 4.2465 కాంతి సంవత్సరాలు. ముందు మీటర్లలోకి: 4.2465 × 9.4607305 = 40.175. ఘాతం 15. అంకెను ఒకటికీ పదికీ మధ్యకు తెస్తే 4.0175 × 10¹⁶. ఆంగ్‌స్ట్రాముల్లో కావాలంటే 10⁻¹⁰తో భాగించాలి, అంటే ఘాతానికి 10 కలపాలి: 4.0175 × 10²⁶. బోర్ వ్యాసార్ధాల్లో అయితే 4.0175 ÷ 5.29177 = 0.7592, ఘాతం 16 + 11 = 27, కాబట్టి 7.592 × 10²⁶. సరిచూసుకోవడం తేలిక. బోర్ వ్యాసార్ధం ఆంగ్‌స్ట్రామ్‌లో సగం కన్నా కాస్త ఎక్కువ కాబట్టి, రెండో సమాధానం మొదటిదానికి 1.89 రెట్లు రావాలి. వచ్చింది.

కాలిక్యులేటర్ మీద జరిగే పొరపాటు ఒకటుంది. 9.46 × 10¹⁵ ÷ 5.29 × 10⁻¹¹ అని బ్రాకెట్లు లేకుండా కొడితే యంత్రం 5.29తో భాగించి, ఆ తర్వాత 10⁻¹¹తో గుణిస్తుంది. సమాధానం 17883 చుట్టూ వస్తుంది. రావాల్సింది 1.788 × 10²⁶. హారం మొత్తాన్ని బ్రాకెట్లో పెట్టండి, లేదా ఘాతాన్ని ఎక్స్‌ప్ (EXP) మీటతోనే ఇవ్వండి. ఆ మీట నొక్కే ముందు 10 కొట్టకూడదు. కొడితే సమాధానం పదిరెట్లు మారిపోతుంది.

మన లెక్కలో లక్ష 10⁵, కోటి 10⁷, లక్ష కోట్లు 10¹². కాంతి సంవత్సరం 9.46 లక్షల కోట్ల కిలోమీటర్లు. ఇంగ్లీషు ట్రిలియన్ అంటే లక్ష కోట్లు, బిలియన్ అంటే వంద కోట్లు. బిలియన్‌ను కోటి అనుకుని తెలుగులోకి తెస్తే వంద రెట్లు తగ్గిపోతుంది.

అన్నిటికన్నా జాగ్రత్త అవసరమైంది వర్గం దగ్గర. నక్షత్ర కాంతిని చదరపు సెంటీమీటరుకు, ఆంగ్‌స్ట్రాముకు, సెకనుకు ఇన్ని ఎర్గులని (ఎర్గు శక్తికి ఒక ప్రమాణం) ఇస్తారు. నక్షత్రం అన్ని దిక్కులా వెదజల్లే కాంతిశక్తి ఆంగ్‌స్ట్రాముకు ఎంతో తెలియాలంటే దాన్ని 4πd²తో గుణించాలి. అప్పుడు దూరం సెంటీమీటర్లలోనే ఉండాలి: ఒక పార్సెక్ 3.0857 × 10¹⁸ సెంటీమీటర్లు. మీటర్లలో వేస్తే దూరంలో వంద రెట్లు తగ్గి, వర్గం చేసేసరికి పదివేల రెట్లు తగ్గుతుంది. ఆంగ్‌స్ట్రామ్‌ను మాత్రం మార్చకండి. అక్కడ అది తరంగదైర్ఘ్యపు వెడల్పు, దూరంతో దానికి సంబంధం లేదు.

కంప్యూటర్లో మార్పిడి ఒక్కటే చేస్తే ఇబ్బంది లేదు, కూడిక చేస్తే ఉంది. డబుల్ ప్రెసిషన్‌లో (దశాంశ సంఖ్యను 64 బిట్లలో దాచే పద్ధతి) ఒక ఖగోళ ప్రమాణాన్ని మీటర్లలో పెడితే, ఆ సంఖ్య దగ్గర రెండు వరుస విలువల మధ్య ఎడం సుమారు 0.00003 మీటర్లు, అంటే మూడు లక్షల ఆంగ్‌స్ట్రాములు. దానికి ఒక ఆంగ్‌స్ట్రామ్ కలిపినా సంఖ్య కదలదు, హెచ్చరికా రాదు. పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో పూర్ణాంకాలకు పరిమితి లేదు కాబట్టి 149597870700 * 10**10 అని రాసి అన్నిటినీ ఆంగ్‌స్ట్రాముల్లో పూర్ణాంకాలుగానే ఉంచండి. 10**10 బదులు 10.0**10 అని ఒక్క చుక్క పెట్టినా అది మళ్లీ దశాంశ సంఖ్య అయిపోయి, చివరి అంకెలు పోతాయి.