బడికి ఎందరు టీచర్లు కావాలో లెక్క కట్టే విధానం

ముందుగా ప్రధానోపాధ్యాయుల అనుమతితో ప్రవేశాల రిజిస్టరును, హాజరు పట్టీని పక్కపక్కన పెట్టుకుని, ఒకటి నుంచి ఐదో తరగతి వరకు బాలబాలికల సంఖ్యను రాసుకోవాలి; నెల పొడవునా గైర్హాజరు గుర్తులే ఉన్న పేర్లను విడిగా రాయాలి, ఎందుకంటే ఆ పిల్లలు వలస వెళ్లారో, వేరే బడిలో చేరారో ఇంటికెళ్లి అడిగితేనే తెలుస్తుంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది పిల్లల వరకు ఇద్దరు, 90 వరకు ముగ్గురు, 120 వరకు నలుగురు, 200 వరకు ఐదుగురు ఉపాధ్యాయులు ఉండాలి. 150 దాటితే ప్రధానోపాధ్యాయులు అదనం. బడిలో ఇప్పుడున్న టీచర్లను లెక్కించేటప్పుడు, డిప్యుటేషన్‌పై (తాత్కాలికంగా వేరే చోట పనిచేయడానికి) వేరే ఊరికి వెళ్లినవారిని కలపకూడదు. ఇద్దరే ఉన్న బడిలో ఒకరు సమావేశానికి వెళితే, ఐదు తరగతుల పిల్లలూ ఒకే వరండాలో ఒక్కరి ముందు కూర్చోవలసి వస్తుంది కనుక, అలాంటి రోజులనూ తేదీలతో తప్పక నమోదు చేయాలి. లోటు తేలితే పాఠశాల యాజమాన్య కమిటీ తీర్మానం జతచేసి మండల విద్యాధికారికి అర్జీ ఇవ్వాలి.