జిప్సీ మన చేతుల్లో – 4వ పాఠం: వాటర్ పంపు మార్చడం

పోయిన పాఠంలో ఇంజను వేడెక్కాక నీళ్లను రేడియేటర్‌కు వదిలే థర్మోస్టాట్‌ను ఊడదీసి వేడినీళ్ల గిన్నెలో వేసి, అది తెరుచుకుంటుందో లేదో చూశాం. చాలామందికి అక్కడితోనే ఇంజను వేడెక్కిపోయే బాధ తీరిపోయి ఉంటుంది. తీరనివాళ్ల కోసం ఈ పాఠం. థర్మోస్టాట్ బాగుంది, ఫ్యాన్ బెల్టు బిగుతుగానే ఉంది, హోసులు ఎక్కడా పగల్లేదు, అయినా రెండు రోజులకోసారి రేడియేటర్‌లో అర లీటరు తగ్గిపోతోంది, తెల్లారి చూస్తే ఇంజను ముందు భాగం కింద నేల మీద పచ్చటి చుక్కలు కనిపిస్తున్నాయి అంటే ఇక అనుమానించాల్సింది ఇంజనులో నీళ్లు తిప్పే వాటర్ పంపునే.

మళ్లీ చెబుతున్నా, ఈ పాఠాలన్నీ నా దగ్గరున్న పాత మారుతి జిప్సీ కింగ్ మీద చేసినవి. 1.3 లీటర్ల ఇంజను, ఎనిమిది వాల్వులు, కార్బొరేటర్. 2000లో వచ్చిన పదహారు వాల్వుల బండి మీకుంటే పద్ధతి దాదాపు ఇదే గానీ గుర్తులూ బిగింపు లెక్కలూ మీ మాన్యువల్‌లోవి చూసుకోండి. 1985లో వచ్చిన మొదటి జిప్సీ ఇంజనే వేరు, దానికి ఈ పాఠం పనికిరాదు.

ముందే ఒక మాట. పంపు మార్చడం అంటే పంపు మార్చడం కాదు. పంపు టైమింగ్ బెల్టు (కింది క్రాంక్ ఇరుసు నుంచి, వాల్వులు తెరిచే పై క్యామ్ ఇరుసును తిప్పే పళ్ల బెల్టు) వెనకాల కూర్చుని ఉంటుంది, కాబట్టి బెల్టు తీయకుండా దాన్ని ముట్టుకోలేం. పంపు బోల్టులు విప్పడానికి పావుగంట చాలు, దాని దాకా వెళ్లి రావడానికే రోజంతా పడుతుంది. అందుకే శనివారం పొద్దున మొదలుపెట్టండి, సోమవారం ఆఫీసుకి ఇదే బండి కావాలన్న టెన్షన్ పెట్టుకోకండి.

ఇంతకీ ఆ పంపులో ఏముంటుంది? అల్యూమినియం డొక్కలో ఒక ఇరుసు, దానికి లోపలి కొసన రెక్కల చక్రం, బయటి కొసన పుల్లీ, అంతే. కవ్వం తిప్పితే మజ్జిగ కుండ అంచుకు ఎగబాకుతుందే, అలాగే ఈ రెక్కలు మధ్యలోకి వచ్చిన నీళ్లను అంచులకు విసురుతాయి, ఆ తోపుతోనే నీళ్లు బ్లాకులోకి వెళ్తాయి. ఇరుసు తిరగడానికి బేరింగు, నీళ్లు ఆ బేరింగులోకి రాకుండా మధ్యలో ఒక సీలు. సీలు అరిగాక దాటివచ్చిన నీళ్లు నేరుగా బేరింగులోకి పోకుండా డొక్క అడుగున కావాలనే ఒక చిన్న చిల్లు పెడతారు. ఆ చిల్లులోంచి నీళ్లు కారుతున్నాయంటే సీలు పని అయిపోయినట్టే. ఆ చిల్లును ఎపాక్సీ ముద్దతో మూసేసిన బండి ఒకటి చూశాను, నెల తిరక్కుండానే బేరింగు గరగరమంటూ పోయింది.

ఇంజను పూర్తిగా చల్లారాక ఫ్యానును రెండు అంచుల్లో పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపి చూడండి. కొంచెమైనా లటలటలాడితే బేరింగు కూడా పోయినట్టు. ఇక ఆలస్యం చేయొద్దు, ఎందుకంటే ఆ ఇరుసు విరిగితే ఫ్యాను వెళ్లి రేడియేటర్‌లో దిగుతుంది. నాకు మే నెలలో నంద్యాల నుంచి గిద్దలూరు వెళ్లే ఘాట్‌లో ఇంజను వేడి చూపే ముల్లు ఎర్రగీత దాటింది, చెట్టు నీడన ఆపి గంటన్నర కూర్చున్నాను, చేతిలో ఉన్నవి రెండు లీటర్ల తాగే నీళ్లు. అవి పోసుకుంటూ, ఆపుకుంటూ దిగాను. అసలు కారణం బోరు నీళ్లు. ఏళ్ల తరబడి కూలెంటు బదులు మన బోరు నీళ్లు పోశాను, అవి లోపలంతా సున్నం పట్టించాయి. సీలు ముఖం ఎంత నునుపుగా ఉంటే అంత కాలం ఆగుతుంది, సున్నం పలుకులు దాన్ని గీకేస్తాయి.

కొనాల్సినవి: ప్యాకింగుతో సహా పంపు, టైమింగ్ బెల్టు, ఫ్యాన్ బెల్టు, కూలెంటు, డిస్టిల్డ్ వాటరు. వీటితోపాటు చాలామంది మరిచిపోయేవి రెండు రబ్బరు ముక్కలు. ఒకటి పంపుకీ ఆయిల్ పంపుకీ మధ్య, ఇంకొకటి పంపుకీ సిలిండర్ హెడ్డుకీ మధ్య ఉంటుంది. దుమ్ము టైమింగ్ బెల్టు గదిలోకి పోకుండా అవి అడ్డం. పంపు డబ్బాలో ఇవి ఉండకపోవచ్చు, కౌంటర్ దగ్గరే డబ్బా విప్పి చూసుకోండి, లేకపోతే విడిగా అడగండి. అప్పటికీ దొరక్కపోతే పాతవాటినే జాగ్రత్తగా తీసి కడిగి దాచండి. బెల్టు పాతది బాగానే ఉంది కదా అని మళ్లీ అదే వేయొద్దు. ఇంత పని చేసి, అక్కడ కక్కుర్తి పడితే రేపు దాని కోసం మళ్లీ ఇదంతా విప్పాలి.

ఇక పనిలోకి. బ్యాటరీ నెగెటివ్ వైరు తీసేయండి. ఇంజను చల్లగా ఉందని చేత్తో తాకి చూశాకే రేడియేటర్ మూత తీయండి. కింద వెడల్పాటి టబ్బు పెట్టి నీళ్లు వదలండి. ఆ టబ్బు మీద వెంటనే మూత పెట్టండి. కూలెంటు తియ్యగా ఉంటుంది, కుక్కలూ పిల్లులూ నాకుతాయి, అది విషం. పిల్లలున్న ఇంట్లో ఇంకా జాగ్రత్త. మోరీలో పారబోయకండి.

ఇప్పుడు ఒక కిటుకు. ఫ్యాను పంపు పుల్లీకి నాలుగు నట్లతో బిగించి ఉంటుంది. ఫ్యాన్ బెల్టు ఇంకా బిగుతుగా ఉండగానే ఈ నాలుగు నట్లనూ ఒక్కో పావుచుట్టు వదులు చేసేయండి. బెల్టు తీసేశాక అయితే పుల్లీ మీతోపాటే తిరుగుతుంది, పట్టుకోవడానికి ఇంకొకరు కావాలి. నట్లు వదులయ్యాక ఆల్టర్నేటర్ సడలించి బెల్టు తీయండి, ఫ్యాను చుట్టూ ఉన్న ప్లాస్టిక్ కవచం బోల్టులు తీసి, ఫ్యానునూ కవచాన్నీ కలిపి ఒకేసారి పైకి లేపండి. విడివిడిగా రావు, నేను అరగంట కుస్తీ పట్టాక అర్థమైంది. రేడియేటర్ రేకులకు తగలకుండా మధ్యలో ఒక అట్టముక్క పెట్టుకోండి.

తర్వాత క్రాంక్ పుల్లీ. దాని మధ్యలో కనిపించే పెద్ద బోల్టు జోలికి వెళ్లకండి, చుట్టూ ఉన్న చిన్న బోల్టులు తీస్తే పుల్లీ చేతికి వచ్చేస్తుంది. ఆ పెద్ద బోల్టును ఇంజను తిప్పడానికి మాత్రం వాడుకుంటాం. ఆపైన టైమింగ్ కవరు, అన్నీ పది నంబరు పానా బోల్టులే. పొడవుల్లో తేడా ఉంటుంది కాబట్టి ఒక అట్ట మీద కవరు బొమ్మ గీసి, ఏ బోల్టు ఎక్కడిదో ఆ చిల్లులోనే గుచ్చండి.

కవరు తీశాక ఆగండి, టీ తాగి రండి. ఇకమీదట తొందర పనికిరాదు. స్పార్క్ ప్లగ్గులు నాలుగూ తీసేస్తే ఇంజను తేలిగ్గా తిరుగుతుంది. రేడియేటర్ వైపు నుంచి చూస్తూ, పెద్ద బోల్టుకు సాకెట్ పెట్టి గడియారం ముల్లు దిశలోనే తిప్పుతూ రండి. పై చక్రం (క్యామ్‌ది) మీది గుర్తు దాని వెనకున్న వి ఆకారపు గాటుకు ఎదురుగా రావాలి, అదే సమయంలో కింది చక్రం (క్రాంక్‌ది) మీది చుక్క ఆయిల్ పంపు డొక్క మీద పోతపోసిన బాణం గుర్తుకు ఎదురుగా ఉండాలి. కింది చుక్క కలిసినా పై గుర్తు కిందికి ఉంటే ఇంకో పూర్తి చుట్టు తిప్పండి, క్రాంక్ రెండు చుట్లు తిరిగితేనే క్యామ్ ఒక చుట్టు తిరుగుతుంది మరి. మురికి కింద గుర్తులు కనిపించకపోతే కిరసనాయిలు గుడ్డతో తుడిచి, గోళ్ల రంగుతో నాలుగు చోట్లా చుక్కలు పెట్టండి. మా ఇంట్లో సీసా మాయమైందని పెద్ద గొడవే అయింది, అయినా ఆ ఎర్ర చుక్కలే నన్ను కాపాడాయి. ఫోన్‌తో ఎదురుగా ఒక ఫోటో, పక్క నుంచి ఒకటి తీసుకోండి.

బెల్టును బిగువుగా ఉంచే టెన్షనర్ చక్రం బోల్టునూ స్టడ్డునూ వదులు చేసి, చక్రాన్ని నెట్టి బెల్టు తీసేయండి. స్ప్రింగు ఏ కొస ఎక్కడ తగిలి ఉందో ఫోటోలో ఉండేలా చూసుకుని టెన్షనర్ కూడా తీసేయండి. ఇక్కడి నుంచి మళ్లీ బెల్టు వేసేదాకా పైచక్రాన్నీ కిందిచక్రాన్నీ తిప్పకూడదు.

ఇప్పుడు పంపు. ఆల్టర్నేటర్ బిగించే పట్టీ, ఆయిల్ కొలిచే పుల్ల గొట్టం దీనికే బిగించి ఉంటాయి, వాటిని తప్పించండి. పంపు బోల్టులకు ముందురోజు రాత్రే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఉంచితే మంచిది. ఈ ఇంజను బ్లాకు అల్యూమినియం, బోల్టులు ఉక్కు, మధ్యలో ఏళ్లనాటి ఉప్పునీళ్లు, రెండూ అతుక్కుపోయి ఉంటాయి. మా బావమరిది సాయానికొచ్చి కింది బోల్టు దగ్గర "బావా, ఇది తిరగట్లేదు, పానాకి పైపు తగిలించి లాగుతా" అన్నాడు. "వద్దురా, ఆగు" అనేలోపే టక్కుమంది. తల వాడి చేతిలో, ఒళ్లు బ్లాకులో. అదృష్టం కొద్దీ పంపు తీశాక ముక్క వేలెడు బయటికి కనిపించింది, దాని చుట్టూ వేడిచేసి, గ్రిప్ ప్లయరుతో పట్టుకుని, ముందుకు కొంచెం వెనక్కి కొంచెం ఆడిస్తూ గంటకు తీశాం. మీరు మాత్రం మొండికేసిన బోల్టు తల మీద సుత్తితో నాలుగు దెబ్బలు వేసి, ముందు బిగించే వైపు ఒక్క పిసరు తిప్పి, తర్వాత విప్పే వైపు తిప్పండి. పైపు తగిలించొద్దు.

పంపు కదలగానే బ్లాకులో మిగిలిన నీళ్లు బొళ్లున పోతాయి, గుడ్డలు సిద్ధంగా ఉంచుకోండి. కొత్త బెల్టు మీద గానీ చక్రాల మీద గానీ నీళ్లూ నూనే ఉండకూడదు. క్యామ్, క్రాంక్ చక్రాల వెనక నూనె చెమ్మ కనిపిస్తే ఆ సీళ్లు మార్చేదీ ఇప్పుడే, ఎలాగో ఆరో పాఠంలో ఉంటుంది, అందాకా బండి విప్పే ఉంచండి.

బ్లాకు ముఖం మీద పాత ప్యాకింగు గట్టిగా అంటుకుని ఉంటుంది. ఉక్కు స్క్రూడ్రైవర్‌తో గీకితే అల్యూమినియం మీద గాట్లు పడతాయి, ఆ గాట్లలోంచే రేపు నీళ్లు కారతాయి. ప్లాస్టిక్ గరిటె లాంటిదాన్ని వాడండి, స్ప్రేతో నానబెట్టి ఓపిగ్గా గీకండి. చిల్లుల్లోకి పొట్టు పోకుండా గుడ్డ కుక్కి, అయ్యాక ఆ గుడ్డ తీయడం మర్చిపోకండి! వేలు పెట్టి నిమిరితే గాజులా తగలాలి. నాకు ఇక్కడే అన్నిటికంటే ఎక్కువ సమయం పట్టింది.

కొత్త పంపును బిగించే ముందు చేత్తో తిప్పి చూడండి, పట్టుకోకుండా, గరగరలాడకుండా తిరగాలి. కొత్త ప్యాకింగు పెట్టి, బోల్టులన్నీ ముందు చేత్తో ఎక్కించి, తర్వాత ఎదురెదురువి కొంచెం కొంచెంగా బిగించుకుంటూ రండి. బిగింపు 10 నుంచి 12 న్యూటన్ మీటర్లు, అంతే. చిన్న పానాను మెడ దగ్గర పట్టుకుని మణికట్టుతో బిగించేంత అన్నమాట. భుజం బలం వాడారంటే మరలు ఊడి బయటికి వస్తాయి. ఆ రెండు రబ్బరు ముక్కలనూ వాటి సందుల్లో కూర్చోబెట్టండి.

టెన్షనర్ వేసేటప్పుడు దాని ప్లేటు మీది చిన్న ముక్కు చక్రం రంధ్రంలో కూర్చుందో లేదో చూడండి. ప్లేటును కదిపితే చక్రం కూడా అదే వైపు కదలాలి, లేకపోతే తప్పుగా పడినట్టు. బోల్టునూ స్టడ్డునూ ఇప్పుడే బిగించొద్దు. నాలుగు గుర్తులూ కలిసే ఉన్నాయని చూసుకుని, టెన్షనర్ లేని వైపు బెల్టు సడలకుండా లాగిపట్టి ఎక్కించండి. తర్వాత గడియారం దిశలో రెండు పూర్తి చుట్లు తిప్పండి, స్ప్రింగు దానంతట అదే బెల్టును సరైన బిగువుకు తెస్తుంది, అప్పుడు ముందు స్టడ్డు, తర్వాత బోల్టు. బోల్టు బిగింపు సుమారు 25 న్యూటన్ మీటర్లు. మాన్యువల్ అయితే వాల్వ్ కవరు తీసి వాల్వు స్క్రూలన్నీ వదులు చేయమంటుంది, అలా చేస్తే వాల్వు స్ప్రింగుల తోపు లేకుండా క్యామ్ తేలిగ్గా తిరిగి బెల్టు బిగువు నిజంగా కుదురుతుంది. మొదటిసారి బద్ధకించాను, బెల్టు వదులుగా తోచి మళ్లీ చేయాల్సి వచ్చింది. రెండో పాఠంలో వాల్వు సందు సరిచేయడం నేర్చుకున్నాం కాబట్టి మీకు బద్ధకించే హక్కు లేదు.

రెండు చుట్ల తర్వాత గుర్తులు మళ్లీ చూడండి. ఒక్క పన్ను తేడా ఉన్నా తీసి వేయాల్సిందే. "చూద్దాం, స్టార్ట్ అవుతుందేమో" అనొద్దు, స్టార్ట్ అవుతుంది కూడా, కానీ బండిలో లాగే సత్తువ ఉండదు, మీరేమో కార్బొరేటర్‌ను తిట్టుకుంటూ తిరుగుతారు.

మిగతావన్నీ తీసిన వరసకు తిరగేసి బిగించండి. ఫ్యాన్ బెల్టును మధ్యలో బొటనవేలితో గట్టిగా నొక్కితే 6 నుంచి 9 మిల్లీమీటర్లు దిగాలి, అంతకంటే బిగిస్తే కొత్త పంపు బేరింగు మీదే భారం. కూలెంటు, డిస్టిల్డ్ వాటరు సగం సగం కలిపి నెమ్మదిగా పోయండి. హీటరు ఉంటే వేడి వైపు పూర్తిగా తిప్పి, మూత తీసే ఉంచి, ఇంజను నెమ్మదిగా నడవనివ్వండి. బుడగలు వస్తాయి, మట్టం తగ్గుతుంది, పోస్తూ ఉండండి. పై హోసు వేడెక్కిందంటే థర్మోస్టాట్ తెరుచుకున్నట్టు, ఇక బుడగలు ఆగాక మూత పెట్టండి. ఊరి చుట్టూ ఒక రౌండు వేసి వచ్చి, రాత్రికి ఇంజను కింద పొడి అట్ట పరవండి. తెల్లారి అది పొడిగా ఉంటే చల్లటి ఇంజనులో మట్టం మరోసారి చూసి, తగ్గింది పోసేయండి.

పాత పంపును పారేయకండి. శుభ్రం చేసి, ఇరుసు తిప్పుతూ చెవి దగ్గర పెట్టుకుని ఆ గరగర విని ఉంచండి. వచ్చే పాఠం ఆల్టర్నేటర్ బేరింగు గురించి, ఆ శబ్దంతోనే మొదలుపెడదాం.