పీసీ నుంచి అటారీ ఎస్‌టీకి ఫ్లాపీతో ఫైళ్లు పంపడం ఎలా?

1985లో వచ్చిన అటారీ ఎస్‌టీకి ఇవాళ్టి పీసీ నుంచి ఫైళ్లు పంపడం, ఆ కాలపు చాలా హోమ్ కంప్యూటర్లతో పోలిస్తే తేలికే. అదే కాలపు అమీగా కంప్యూటర్ సొంత ఫ్లాపీలను యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్ చదవలేదు. ఎస్‌టీ మాత్రం పీసీలాగే ఫ్యాట్12 (ఫ్లాపీ మీద ఫైళ్లను అమర్చే పద్ధతి) వాడుతుంది. కాకపోతే ఫ్లాపీ 720 కేబీది కావాలి, దాన్ని పీసీలోనే ఫార్మాట్ చేయాలి. ఈ రెండూ కుదిరాక మిగిలింది మామూలు కాపీయే.

కావలసినవి

3.5 అంగుళాల డబుల్ డెన్సిటీ (డీడీ) ఫ్లాపీలు రెండు మూడు, ఒక యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్. డ్రైవ్ కొనేముందు అది 720 కేబీ ఫార్మాట్ చేస్తుందో లేదో అడగండి. 720 కేబీ ఫ్లాపీని చదవగలిగి, ఫార్మాట్ మాత్రం చేయలేని డ్రైవులు ఉన్నాయి. మదర్‌బోర్డుకు 34 పిన్నుల కేబుల్‌తో తగిలించే డ్రైవ్ మీ దగ్గరుంటే అదే వాడండి, ఇబ్బందులు సగం తగ్గుతాయి.

ఎస్‌టీలో ఉన్నది ఏ డ్రైవో కూడా చూసుకోండి. ఎస్‌ఎఫ్354 అనే విడి డ్రైవ్‌, తొలి 520ఎస్‌టీఎఫ్‌ఎంలలో ఉన్న డ్రైవ్‌ ఒకవైపు మాత్రమే చదువుతాయి, 360 కేబీ దాటవు. పీసీలో రెండు వైపులా ఫార్మాట్ చేసిన ఫ్లాపీ వాటికి పనికిరాదు. ఎస్‌ఎఫ్314, 1040ఎస్‌టీఎఫ్ అయితే చింత లేదు.

1. ఫ్లాపీని పరీక్షించండి

మెటల్ షట్టర్ పక్కకు జరిపి, వెనకవైపు చక్రాన్ని వేలితో మెల్లగా తిప్పుతూ లోపలి పొరను వెలుతురులో చూడండి. తెల్లటి మచ్చలుంటే బూజు. అలాంటి ఫ్లాపీని డ్రైవ్‌లో పెడితే హెడ్‌కు బూజు అంటుకుని, తర్వాత పెట్టిన మంచి ఫ్లాపీలనూ గీరేస్తుంది. పక్కన పడేయండి.

రైట్ ప్రొటెక్ట్ రంధ్రం మూసి ఉండాలి. తెరిచి ఉంటే ఫ్లాపీ మీద ఏమీ రాయలేరు.

2. హెచ్‌డీ ఫ్లాపీ మాత్రమే దొరికితే

1.44 ఎంబీ హెచ్‌డీ (హై డెన్సిటీ) ఫ్లాపీకి రెండో మూలలో ఇంకో రంధ్రం ఉంటుంది. దాన్ని చూసే పీసీ డ్రైవ్ 'ఇది హెచ్‌డీ' అని నిర్ణయించుకుని సెకనుకు 500 కిలోబిట్ల వేగంతో రాస్తుంది. మామూలు ఎస్‌టీ చదివే వేగం 250 కిలోబిట్లే కాబట్టి దానికి అక్కడ ఏమీ కనిపించదు. ఆ రంధ్రాన్ని కాంతి దూరని టేపుతో రెండు వైపులా మూసి, 720 కేబీగా ఫార్మాట్ చేయవచ్చు. పారదర్శక టేపు వద్దు, కాంతితో పసిగట్టే డ్రైవులు దాన్ని రంధ్రంగానే చూస్తాయి.

ఇది ఫైలు దాటించే మేరకే. హెచ్‌డీ పొర మీద రాయడానికి ఇంకాస్త బలమైన అయస్కాంత క్షేత్రం కావాలి, అందుకే డీడీ పద్ధతిలో రాసింది నమ్మకంగా నిలవదు. అసలు ఫైలు పీసీలో ఉంచుకోండి. టేపు ఊడిందో, పీసీ మళ్లీ ఆ ఫ్లాపీని హెచ్‌డీ అనుకుని 'ఫార్మాట్ చేయలేదు' అంటుంది.

3. ఫార్మాట్

విండోస్‌లో కుడి క్లిక్ మెనూతో కాకుండా కమాండ్ ప్రాంప్ట్‌లో ఫార్మాట్ కమాండ్ వాడండి. అందులో ట్రాకుల (ఫ్లాపీ మీది వలయాల) సంఖ్య 80, ట్రాకుకు సెక్టార్లు (వలయంలోని ముక్కలు) 9 అని ఇవ్వాలి. క్విక్ ఫార్మాట్ వద్దు. అది ఫైళ్ల జాబితాను చెరుపుతుందే తప్ప ట్రాకులను కొత్తగా వేయదు, కాబట్టి 1.44 ఎంబీ ఫ్లాపీ దానితో 720 కేబీ కాదు.

కొన్ని యూఎస్‌బీ డ్రైవులు విండోస్‌లో ఈ కమాండ్‌ను ఒప్పుకోవు. అప్పుడు లినక్స్‌లో యూఎఫ్‌ఐఫార్మాట్ ప్రయత్నించండి. మదర్‌బోర్డు డ్రైవ్‌కైతే ఎఫ్‌డీఫార్మాట్. ఇవి రెండూ ట్రాకులు వేసే పని చేస్తాయి. ఆ తర్వాత ఫ్యాట్ ఫైల్ సిస్టమ్‌ను వేరే కమాండ్‌తో రాయాలి. డ్రైవ్ పేరు రెండుసార్లు సరిచూసుకోండి, పొరపాటున హార్డ్‌డిస్క్ పేరు కొడితే అంతే సంగతులు.

పని సరిగా జరిగితే ఖాళీ స్థలం 7,30,112 బైట్లు చూపిస్తుంది. ఇంతకు రెట్టింపు కనిపిస్తే టేపు సరిగా అతకలేదన్నమాట.

ఎస్‌టీలోనే ఫార్మాట్ చేస్తే కాదా? ఎస్‌టీ ఆపరేటింగ్ సిస్టమ్ పేరు టాస్, దాని 1.04 వెర్షన్ నుంచి పరవాలేదు. అంతకుముందు టాస్‌లు బూట్ సెక్టార్ (ఫ్లాపీ మొట్టమొదటి సెక్టార్) మొదట్లో పీసీ ఆశించే బైట్లు రాయవు, అందుకే ఆ ఫ్లాపీని పీసీ తిరస్కరించవచ్చు. పీసీలో చేసినది ఇద్దరికీ నచ్చుతుంది.

4. కాపీ

ఫైలు పేరు ఎనిమిది అక్షరాలు, చుక్క, మూడు అక్షరాల లోపు ఉండాలి. స్పేస్‌లు వద్దు. పొడుగు పేర్లను విండోస్ అదనపు ఎంట్రీలుగా రాస్తుంది. రూట్‌లో (ఏ ఫోల్డర్‌లోనూ లేని పై స్థాయిలో) చోటు 112 ఎంట్రీలకే కాబట్టి ఫైళ్లు ఎక్కువుంటే ఫోల్డర్లు చేయండి. జిప్ ఫైళ్లను పీసీలోనే విప్పడం సులువు.

డౌన్‌లోడ్ చేసినది డిస్క్ ఇమేజ్ (మొత్తం ఫ్లాపీకి నకలుగా ఉండే ఒకే ఫైలు) అయితే కాపీ చేసి లాభం లేదు, దాన్ని సెక్టార్ వారీగా ఫ్లాపీ మీద రాయాలి. ఎస్‌టీ రకం ఇమేజ్ సరిగ్గా 7,37,280 బైట్లుంటే యూఎస్‌బీ డ్రైవ్‌తో పని జరుగుతుంది. 8,19,200 బైట్లుంటే ట్రాకుకు 10 సెక్టార్లున్నట్టు, దానికి మదర్‌బోర్డు డ్రైవో గ్రీస్‌వీజిల్ లాంటి కంట్రోలరో కావాలి.

లైటు ఆరాక, ఎజెక్ట్ ఇచ్చాకే ఫ్లాపీ తీయండి.

5. ఎస్‌టీలో

డెస్క్‌టాప్ మీద ఎ డ్రైవ్ ఐకాన్‌ను డబుల్ క్లిక్ చేయండి. పాత ఫ్లాపీ జాబితాయే కనిపిస్తే ఎస్కేప్ నొక్కండి, మళ్లీ చదువుతుంది. దీన్ని చిన్న విషయం అనుకోకండి. ఫ్లాపీ మారిందా అన్నది ఎస్‌టీ బూట్ సెక్టార్‌లోని సీరియల్ నంబరుతో పోల్చుకుంటుంది. ఒకే ఇమేజ్ నుంచి రాసిన రెండు ఫ్లాపీలకు ఒకే నంబరు ఉంటుంది కాబట్టి మార్పు దానికి తెలియకపోవచ్చు. ఆ స్థితిలో ఏదైనా సేవ్ చేస్తే ఒకదాని జాబితా రెండోదాని మీద పడి రెండోది పాడవుతుంది.

డేటా దెబ్బతిన్నదని సందేశం వస్తే అదే ఫ్లాపీని పీసీలో చదివి చూడండి. పీసీలోనూ ఆగితే ఫ్లాపీదే లోపం. పీసీలో బాగా చదివితే ఎస్‌టీ డ్రైవ్ హెడ్‌లను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన దూది పుల్లతో మెల్లగా తుడవండి. పై హెడ్‌ను ఎత్తి లాగకండి, అలైన్‌మెంట్ పోతుంది.

ఫైలు లోడై, తెర మీద బాంబు బొమ్మల వరుస (ప్రోగ్రామ్ కుప్పకూలిందనడానికి గుర్తు) కనిపిస్తే ఫ్లాపీని వెంటనే అనుమానించనక్కర్లేదు. ఆ ప్రోగ్రామ్ మీ టాస్ వెర్షన్‌కు సరిపడనిదై ఉండవచ్చు, లేదా 512 కేబీ మెమరీ దానికి చాలకపోయి ఉండవచ్చు.