వంజంగి కొండ దగ్గర శనివారం రాత్రి: గుడారం, చలి, నీళ్లు

నవంబరు నుంచి జనవరి దాకా పాడేరు దగ్గరి వంజంగి కొండ మీంచి లోయ నిండా పరుచుకున్న మేఘాలు చూడాలని విశాఖ నుంచి చాలామంది అర్ధరాత్రి దాటాక కార్లేసుకుని బయల్దేరతారు. దయచేసి అలా వెళ్లకండి. మాడుగుల దాటాక ఘాట్ మలుపులు, పొగమంచు, డ్రైవరు నిద్రమత్తు, మూడూ ఒకేసారి మీద పడతాయి. శనివారం పగలే వెళ్లి రాత్రి అక్కడే ఉండండి.

విశాఖ నుంచి పాడేరు సుమారు 110 కిలోమీటర్లు. ఘాట్‌తో కలిపి మూడున్నర గంటలు వేసుకోండి. డిసెంబరులో సాయంత్రం ఐదున్నరకల్లా పొద్దు గూకుతుంది కాబట్టి మూడున్నరకల్లా గుడారం వేసే చోట ఉండాలి. అంటే పదకొండు లోపే ఇల్లు కదలాలి.

ఏ శనివారం వెళ్లాలన్నది ఆకాశాన్ని బట్టి తేల్చుకోండి. మబ్బు లేని, గాలి లేని రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది. దాన్ని ఆనుకున్న గాలి బరువెక్కి లోయలోకి జారి, అక్కడి తేమతో మంచుగా మారుతుంది. పైనుంచి మేఘాల్లా కనిపించేది ఇదే. రాత్రి గాలి వీచినా, మబ్బు పట్టినా ఇది సరిగా ఏర్పడదు. బంగాళాఖాతంలో వాయుగుండం ఉందంటే ప్రయాణం మానుకోండి.

గుడారం ఎక్కడ వేయాలన్నదీ దీన్నుంచే తేలుతుంది. చల్లగాలి పల్లానికి చేరుతుంది కాబట్టి గెడ్డ (కొండవాగు) పక్కన చదునుగా, అందంగా కనిపించే చోటే ఆ చుట్టుపక్కల అన్నిటికన్నా చలి, తడి ఎక్కువ. గెడ్డకు ఇరవై ముప్పై మీటర్ల ఎత్తున వేసుకోండి. పైన ఎండుకొమ్మలు లేని చెట్టు కింద అయితే బయలు గడ్డి మీద కన్నా మంచు తక్కువ కురుస్తుంది. ఆ నేల ఎవరిదో ముందే కనుక్కోవాలి. రిజర్వ్ ఫారెస్టులో అనుమతి లేకుండా దిగడం, నిప్పు రాజేయడం 1967 అటవీ చట్టం ప్రకారం నేరం. గిరిజన రైతు పొలమైతే ఆయన్ని అడిగి, డబ్బు ఇచ్చి వేసుకోండి.

కింద పరిచే బరకం గుడారం అడుగు కన్నా అన్ని వైపులా నాలుగు వేళ్లు చిన్నదిగా ఉండాలి. అంచు బయటికి వస్తే దాని మీద పడ్డ మంచునీరు గుడారం కిందికి చేరి పక్కలు తడుపుతుంది. చలి వేస్తుందని గుడారం జిప్పులన్నీ బిగించేస్తారు. నలుగురి ఊపిరిలోని ఆవిరి చల్లటి గుడ్డకు తగిలి నీళ్లై తెల్లారేసరికి మీదే కారుతుంది. లోపలి దోమతెర జిప్పు పూర్తిగా మూసి, పైన గాలి కిటికీలు రెండు వైపులా తెరిచి ఉంచండి. ఆ దోమతెర జిప్పును క్షణం కూడా తెరిచి వదలొద్దు. కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్లనే ఎక్కువగా కాటేస్తుంది, నొప్పి తెలియక నిద్రలోనే విషం ఎక్కుతుంది. కాటు అనుమానం వస్తే కోయడం, కట్టు బిగించడం లాంటివి చేయకుండా పాడేరు ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఈ కాలంలో రాత్రి ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపుకు దిగుతుంది. చలి పైనుంచి కన్నా నేలలోంచి ఎక్కువగా లాగుతుంది, అందుకే రెండో రగ్గు కప్పుకోవడం కన్నా కింద పది మిల్లీమీటర్ల ఫోమ్ చాప వేయడం ఎక్కువ పనిచేస్తుంది. పడుకునే ముందు పొడి బట్టలు, పొడి సాక్సులు మార్చుకోండి. కుంపటి మాత్రం ఎంత చలైనా లోపలికి తేవద్దు. నిప్పుల్లోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

తాగడానికి, వంటకు మనిషికి రోజుకు నాలుగు లీటర్ల నీళ్లు కావాలి. నలుగురికి ఒకటిన్నర రోజులకు ఇరవై లీటర్ల క్యాను, లీటరు సీసాలు నాలుగు సరిపోతాయి. గెడ్డ నీళ్లు వాడాల్సి వస్తే గలగలా మరిగించాకే తాగండి. రాత్రికి ఇంటి నుంచి తెచ్చిన పులిహోర చాలు, పొద్దున ఉప్మాకు మనిషికి 75 గ్రాముల రవ్వ. చిన్న పోర్టబుల్ పొయ్యికి 230 గ్రాముల గ్యాస్ డబ్బాలు రెండు తీసుకెళ్లండి. చలికి డబ్బాలోని బ్యూటేన్ గ్యాస్ ఒత్తిడి తగ్గి తెల్లవారుజామున మంట నీరసంగా వస్తుంది. కాసేపు చేతుల్లో పట్టుకుని వెచ్చబెడితే కోలుకుంటుంది, మంట దగ్గర మాత్రం పెట్టొద్దు.

కాలకృత్యాలకు గెడ్డకు కనీసం అరవై మీటర్ల దూరంలో జానెడు లోతు గొయ్యి తీసి పూడ్చాలి. కింది ఊళ్లవాళ్లు తాగేది ఆ నీళ్లే. తెచ్చిన ప్లాస్టిక్ ప్రతి ముక్కా వెనక్కి తెచ్చేయండి.

సూర్యోదయం ఆరున్నర ప్రాంతంలో. ఐదింటికి టార్చితో నడక మొదలుపెట్టండి. దిగాక వెంటనే బండి తీయకుండా ఘాట్‌లో మంచు విడిచేదాకా, సుమారు తొమ్మిదింటిదాకా ఆగండి. తప్పదంటే హైబీమ్ వేయొద్దు, వెలుగు మంచుకు తగిలి కళ్లలోకే తిరిగొస్తుంది. గుడారం ఆలోగా ఎండకు ఆరుతుంది. తడిగా మడవాల్సి వస్తే ఇంటికి చేరిన రోజే విప్పి ఆరేయండి, లేకపోతే బూజు పడుతుంది.

ఏజెన్సీలో మలేరియా ఉంది. సాయంత్రం నుంచే నిండు చేతుల చొక్కా, దోమల క్రీము వాడండి. తిరిగొచ్చాక నెలలోపు జ్వరం వస్తే మాత్రలేసుకుని కూర్చోకుండా రక్తపరీక్ష చేయించుకుని, పాడేరు వైపు వెళ్లొచ్చామని డాక్టరుకు మీరే చెప్పండి.