పాలసీలో ‘టెర్రరిజం’ ఉందో లేదో చూసుకోండి

ఇంటికో షాపుకో ఇన్సూరెన్స్ ఉంటే ఈరోజే పాలసీ కాగితం ఒకసారి బయటికి తీయండి. 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత విదేశీ రీఇన్సూరెన్స్ కంపెనీలు (ఇన్సూరెన్స్ కంపెనీలకే ఇన్సూరెన్స్ ఇచ్చేవి) ఉగ్రవాద నష్టం భరించలేమని వెనక్కి తగ్గాయి. దాంతో మన కంపెనీలన్నీ కలిసి 2002 ఏప్రిల్‌లో ఈ నష్టాల కోసం ఉమ్మడి నిధి పెట్టుకున్నాయి. ప్రభుత్వ రీఇన్సూరెన్స్ సంస్థ జీఐసీ రీ దాన్ని నడుపుతోంది.

ఇళ్లకు 2021 నుంచి వచ్చిన ‘భారత్ గృహ రక్ష’ పాలసీలో ఉగ్రవాద నష్టం కవర్ కలిసే ఉంటుంది. ఒకేచోట రూ.50 కోట్లు దాటిన ఆస్తికి తీసుకునే మామూలు ఫైర్ పాలసీలో మాత్రం ఉండదు, అడిగి విడిగా కొనాలి. పాలసీ వివరాలుండే షెడ్యూల్ పేజీలో ప్రీమియం లెక్క దగ్గర ‘టెర్రరిజం’ అని లైన్ ఉందా, దాని ఎదురుగా అంకె పడిందా అని చూడండి. ఏజెంట్ ‘అన్నీ కవర్ అవుతాయండీ’ అంటే సరిపోదు, కాగితం మీద చూపించమనండి. ఒకటి గుర్తుంచుకోండి, యుద్ధ నష్టం ఇందులోకి రాదు.

బండికైతే సమగ్ర పాలసీలో ఉగ్రవాద చర్య వల్ల జరిగే నష్టం కూడా ఉంటుంది. థర్డ్ పార్టీ ఒక్కటే కట్టినవాళ్లకు సొంత బండి నష్టం రాదు.